నక్క తవ్విపోసిన మట్టి

పెద్దేటి పక్క అడవిలో జంతువులకు ఒక కట్టుబాటుంది. ఎన్నడైనా ఏరు పొంగి తడిపిన నేలంతా అభయారణ్యమే. హద్దురాళ్ల లోపల ఎవరి గుడ్డూ ఎవరూ ముట్టకూడదు. తూర్పు పల్లం మాత్రం ఎందుకో హద్దు బయట ఉండిపోయింది. తాబేలత్త గుడ్లు పెట్టేది అక్కడే. పెట్టిన వారానికల్లా గుంటలో పెంకులే మిగిలేవి. ఈసారి పంచాయితీ పెట్టించింది.

"పల్లాన్ని కూడా హద్దులో కలపండి నాయనా!"

"అక్కడికి ఏరొచ్చిందెప్పుడు?" అంది నక్క మూతి నాక్కుంటూ. "చూసినవాళ్లెవరు?"

"నేను చూశాను. అప్పటికి మీ తాత పాలు తాగుతున్నాడు."

"పిల్లా నీదే, పెళ్లిపెద్దవూ నువ్వేనా అత్తా?"

కొంగ ఫక్కున నవ్వింది. పెద్దరికం చేస్తున్న అడవిదున్న తల పంకించింది. "నక్క మాటా సబబే. వేరే సాక్ష్యం కావాలి."

తాబేలత్తకు కడుపులో గుడ్లు బరువుగా ఉన్నాయి. ఇంక రెండు రోజులే గడువు. ఏళ్ల తరబడి ఆ నేలను గోళ్లతో గీరినది కనక, అడుగున ఏముందో ఆమెకు తెలుసు. కోపం మింగి మాట మార్చింది.

"పోనీలే అల్లుడూ. పల్లంలో ఇల్లు కట్టావట? కుందేలు బొరియంతే ఉంటుందని కొంగ అంటోంది."

"నేనెప్పుడన్నాను?" అంది కొంగ.

నక్కకు రోషం పొడుచుకొచ్చింది. "కుందేలు బొరియా! దున్న మామ నిలువెత్తు లోతు తవ్వాను, నా గోళ్లతో నేనే! తీసిన మట్టి చూద్దురుగాని, రండి!"

అందరూ పల్లానికి వెళ్లారు. మట్టిగుట్ట నిజంగానే పెద్దది. నక్క పైకెక్కి తోకాడించింది. కాలికింద ఏదో కటుక్కుమంది.

"ఏంటల్లుడూ అది?"

"ఏదో పెంకులే."

కొంగ ముక్కుతో గెలికింది. ఆల్చిప్ప. ఇంకోటి. ఆపైన గుప్పెడు నత్తగుల్లలు, నల్లటి ఒండ్రు.

"ఏరు తేకుండానే ఇవి కాళ్లతో నడిచొచ్చాయా?" అంది దున్న.

"ఎవరో తెచ్చి పడేసుంటారు మామా!"

"నీ ఇంట్లో, అంత లోతునా?" అంది తాబేలత్త. "తవ్వింది నువ్వేనని ఇప్పుడేగా చెప్పావు."

పొద్దు వాలేలోపు దున్న హద్దురాళ్లను పల్లం అవతలికి నెట్టేసింది. నక్కను ఎవరూ వెళ్లగొట్టలేదు. ఎలుకల్ని తిని బతకొచ్చు, గుడ్ల జోలికి మాత్రం పోకూడదు. రెండోనాడు తాబేలత్త ఆ గుట్టలోనే పద్నాలుగు గుడ్లు పెట్టింది. గుల్లబారిన మట్టి, గోళ్లకు శ్రమే లేదు.

"పనిమంతుడివి అల్లుడూ," అంది నక్కతో. నక్క మొహం తిప్పుకుంది.

గొప్ప కోసం తవ్వినవాడు తన అబద్ధాన్నీ తవ్వి బయట పోసుకుంటాడు.