తాడు విడవని చెయ్యి

ప్రశ్న అడిగినవారికి భానోజీరావు మాస్టారు అక్కడికక్కడ జవాబు చెప్పేవారు కారు. చెప్పులు తొడుక్కుని, "పద, అలా వెళ్లొద్దాం" అనేవారు. ముప్పై ఏళ్లు వైద్య కళాశాలలో శరీర నిర్మాణం బోధించి, పదవీ విరమణ తర్వాత భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డున చిన్న ఇంట్లో ఒక్కరే ఉండేవారాయన. శిష్యుల్లో ఇంకా వచ్చిపోయేది కాత్యాయని ఒక్కతే. ఆయన చెప్పిన పాఠాలే ఇప్పుడు ఆమె అదే కళాశాలలో చెబుతోంది.

ఒక ఆదివారం ఉదయం ఆమె వచ్చి వీధి మెట్టు మీద కూర్చుంది.

"నిన్న కండరాల పాఠం మధ్యలో ఆపేసి క్లాసులోంచి బయటికి వచ్చేశాను మాస్టారూ" అంది.

పదేళ్లుగా పుస్తకం తెరవకుండా చెబుతున్న పాఠం అది. కండరమంటే పోగుల కట్ట. ఒక్కో పోగులో మళ్లీ సన్నని పోగులు, వాటిలో పక్కపక్కన పేర్చినట్టు లావు దారాలు, సన్న దారాలు. లావు దారానికి చిన్న చిన్న తలలుంటాయి. అవి సన్న దారాన్ని పట్టుకుంటాయి, వంగి లాగుతాయి, విడుస్తాయి, కాస్త ముందుకు చాచి మళ్లీ పట్టుకుంటాయి. ఏ దారమూ పొట్టిదవదు. ఒకదాని పక్కనుంచి ఒకటి జారుతుంది, కండరం బిగుస్తుంది. ఇంతవరకూ గొంతు తొణక్కుండానే చెప్పింది. పట్టు విడవాలంటే ఆ తలలకి ప్రతిసారీ కొత్తగా శక్తి అందాలి. ఊపిరి ఆగాక ఆ శక్తి అడుగంటిపోతుంది, అవి పట్టుకున్నచోటే ఉండిపోతాయి, అందుకే శవం బిగుసుకుంటుంది. ఆ ముక్క చెప్పాల్సిన చోట ఆమె పాఠం ఆపేసింది.

ఎందుకో మాస్టారికి తెలుసు. ఎనిమిది నెలల కిందట ఆమె చెల్లెలు వైదేహి రాజాంలో జ్వరంతో పోయింది. అక్కాచెల్లెళ్లకి ఒకరికొకరు తప్ప మరెవరూ లేరు. చివరి రెండు రోజులూ అక్క వచ్చిందా అని అడుగుతూనే ఉందట. పరీక్ష పేపర్లు దిద్దడం ముగించుకుని కాత్యాయని వెళ్లేసరికి ప్రాణం పోయి ఆరు గంటలు దాటింది. చెల్లెలి కుడిచెయ్యి పిడికిలి బిగిసి ఉంది. అందులోకి తన వేలు పోనిద్దామని చూసింది, పోలేదు. ఆ తర్వాత మాస్టారింటికి తప్ప ఆమె ఎవరింటికీ వెళ్లలేదు, తన ఇంటికి ఎవరినీ పిలవలేదు.

"పుస్తకంలో ఏముందో నాకు తెలుసు. కానీ అది నా మీద కోపంతో బిగించిన పిడికిలి కాదని నాకెవరు చెబుతారు?"

మాస్టారు చెప్పులు తొడుక్కున్నారు.

ఒడ్డున జాలర్లు అలివి వల లాగుతున్నారు. తెల్లవారకముందే పడవలో తీసుకెళ్లి దూరంగా పరిచిన పెద్ద వల అది. దాని రెండు తాళ్లనూ రెండు వరుసల మనుషులు ఇసుకలో కాళ్లు పాతుకుని లాగుతున్నారు. ఆ రోజు నీటి లాగుడు ఎక్కువగా ఉంది. మాస్టారు, కాత్యాయని ఇసుక మీద కూర్చుని చూస్తూ ఉండిపోయారు. ఎండ ముదిరాక గాని వల రాలేదు. వచ్చిందే తడవు అందరూ తాళ్లు వదిలేసి చేపల మీదికి పరిగెత్తారు.

ఒక్క ముసలాయన మాత్రం కదల్లేదు. ఆయన పేరు పోలన్న. వాలిపోయిన తాడు చివర ఒంటరిగా నిలబడి, తన కుడిచేతిని తనది కానట్టు చూసుకుంటున్నాడు.

"మావా, వల వచ్చేసినాది, తాడు ఒగ్గెయ్" అని గంప ఎత్తుకున్న ఒకామె అరిచింది. ఆయన విడవబోయాడు. వేళ్లు విచ్చుకోలేదు. ఆమె ఇంకోసారి చూసి తన పని మీద వెళ్లిపోయింది.

మాస్టారు లేవలేదు. కాత్యాయనే లేచి వెళ్లింది. పోలన్న ముంజేతిని రెండు చేతుల్లోకి తీసుకుని మెల్లగా పామింది. మణికట్టును లోపలికి వంచి, వేళ్ల బిగువు సడలేదాకా ఆగింది. తర్వాత చిటికెనవేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటే తెరిచింది. తాడు ఇసుకలో పడింది. పుండైన అరచేయి వెచ్చగా ఆమె చేతిలో ఉండిపోయింది.

"నొప్పిగా ఉందా?"

"నేదు తల్లీ. సిగ్గేసినాది. అందరూ ఎళ్లిపోనారు కదా." ఇసుకలో పడిన తాడుకేసి చూస్తూ అన్నాడు: "మొండితనం కాదు తల్లీ. ఒగ్గేద్దామనే సూసినాను. ఒగ్గడానికి సత్తువ సాల్లేదు."

కాత్యాయని తల వంచుకుంది. ఆ అరచేతిని వెంటనే విడవలేకపోయింది. పోలన్న కూడా తొందరపెట్టలేదు. అవతల చేపల పంపకం ముగిసి మనుషులు పలచబడేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

తిరుగుదారిలో ఆమె నాలుగడుగులు వెనకే నడిచింది. ఇల్లు కనిపిస్తుండగా ఆగింది.

"మాస్టారూ, మా వైదేహి చెయ్యి కూడా..." అంది.

ఆయన వెనక్కి తిరగలేదు.

"బిగిసిన చెయ్యి దేన్నో పట్టుకునే ఉందనుకుంటాం, కాత్యాయనీ. విడిచే సత్తువ లేకపోయిందనుకోం" అన్నారు.