మాటపూట నాడు పేరిందేవమ్మ

అనగనగా ఒక ఊరు. కథన్నాక రాజుండాలంటారు గానీ, ఆ ఊళ్ళో రాజూ లేడు, మంత్రీ లేడు. గోదారి పాయ ఒడ్డున కాస్త మెత్తటి మట్టి, ఆ మట్టిని దున్నే ఎద్దులు, ఎద్దుల వెనక పాలేర్లు, పాలేర్ల వెనక ఆసాములు. అంతే ఊరు.

ఆ ఊరికో ఆచారం ఉండేది. ఏటా తొలకరికి ముందు ఒక రోజు అందరూ చావడి ముందు చేరేవారు. ఆ రోజును మాటపూట అనేవారు. ఏడాది పొడుగునా తన దగ్గర పనిచేసిన పాలేరును ఆసామి వెంటబెట్టుకొచ్చి, నలుగురిలో నిలబెట్టి, అతను ఎలాంటివాడో చెప్పాలి. ఆ మాట విని నచ్చినవాళ్ళు పాలేరు చేతిలో తాంబూలం పెట్టాలి. అతను అందుకుంటే ఆ ఏడాదికి వాళ్ళ మనిషి. ఎవరూ తాంబూలం ఇవ్వకపోతే పాత ఆసామే మళ్ళీ ఏడాదంతా అతన్ని ఉంచుకుని కూడు పెట్టాలి. పనిచేసే మనిషి వీధిన పడకూడదని పెద్దలు పెట్టిన కట్టుబాటు అది.

కట్టుబాటు మంచిదే. మనుషులే గడుసువాళ్ళు.

పనికిరాని పాలేరును వదిలించుకోవాలంటే ఏం చేయాలి? పొగడాలి. పనిమంతుడు చెయ్యి జారిపోకుండా ఉండాలంటే? తిట్టాలి. అందుకని మాటపూట నాడు బద్ధకస్తులంతా బంగారు కొండలయ్యేవారు, పనిమంతులంతా పనికిమాలినవాళ్ళయ్యేవారు. విడ్డూరమేమిటంటే, తను చెప్పేది అబద్ధమని ప్రతి ఆసామికీ తెలుసు. పక్కవాడు చెప్పేది మాత్రం నిజమని నమ్మేవాడు! ఏటా అందరూ మోసం చేసేవారు, ఏటా అందరూ మోసపోయేవారు. ఆనక అరుగుల మీద కూర్చుని, "ఈ కాలం పాలేర్లలో నిజాయితీ ఏదండీ?" అని నిట్టూర్చేవారు.

ఆ ఊళ్ళో పేరిందేవమ్మ అని ఒక ఆసామి ఉండేది. పెనిమిటి పోయాక వ్యవసాయం తనే చూసుకునేది. మనసు వెన్న, నోరు మాత్రం మోటు. ఆమెకు రెండు ఎద్దులు. నాగలికి ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపు కట్టేది వెలపటెద్దు. రెండూ మాట్లాడేవి. ఎద్దులు మాట్లాడతాయా అని అడక్కండి. ఆ రోజుల్లో మాట్లాడేవి. వినే తీరికే మనుషులకు ఉండేది కాదు.

ఒక ఏడు పేరిందేవమ్మ ఒక పాలేరును తెచ్చుకుంది. "మాట తేనె, పని పిడుగు" అన్నాడు అతని పాత ఆసామి. అందులో సగమే నిజం. అతను గట్టు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళందరికీ సేద్యం ఎలా చేయాలో చెప్పేవాడు. నాగలి మాత్రం చాలులోనే నిలబడి ఎండేది.

"ఇతనికి కావలసింది ఎద్దులు కాదు, వినేవాళ్ళు" అంది దాపటెద్దు.

మరుసటి ఏడు ఆ కబుర్లకు మురిసి అతన్ని ఎవరో తీసుకుపోయారు, పేరిందేవమ్మ ఇంకొకణ్ణి తెచ్చుకుంది. "అబ్బో, వాడి చురుకు చూసి తీరాలి" అన్నారు. చురుకు ఉన్నమాట నిజమే. అది చర్నాకోలలో ఉంది. వెలపటెద్దు తన వీపు తడుముకోలేక, "నాకు ఆ కబుర్లాయనే నయమనిపిస్తున్నాడు" అని మూలిగింది.

మూడో ఏడు ఆ చురుకు చూసి అతన్నీ ఎవరో తీసుకుపోయారు. అప్పుడు బాపినీడు ఎదురొచ్చాడు. బాపినీడు ఊళ్ళోకెల్లా పెద్ద రైతు. పలుకు పంచదార. నూకరాజు అనే పాలేరును ముందుకు తోసి, "అక్కగారూ, వీణ్ణి కళ్ళనీళ్ళతో వదులుకుంటున్నానండి. రెప్ప వాల్చకుండా పనిచేస్తాడు" అన్నాడు. పేరిందేవమ్మ పొంగిపోయి తాంబూలం ఇచ్చింది.

నూకరాజు పట్టపగలు నిద్రపోయేవాడు. నాగలి మేడి పట్టుకుని నిలబడే నిద్రపోయేవాడు. ఎద్దులు కాసేపు చూసి, అవీ ఓ కునుకు తీసేవి.

మూడేళ్ళుగా పంట అంతంత మాత్రమే. పేరిందేవమ్మ మరిది వచ్చి, "వదినా, వచ్చే ఏడు కూడా ఇలాగే అయితే ఎద్దుల్ని సంతలో అమ్మేద్దాం. పొలం కౌలుకిచ్చి కృష్ణా రామా అనుకో" అన్నాడు. వయసు మళ్ళిన ఎద్దులు సంతకు పోతే ఆ తరవాత ఎక్కడికి పోతాయో ఎద్దులకు తెలుసు. ఆ పూట వాటికి కుడితి సహించలేదు. పేరిందేవమ్మకూ ముద్ద దిగలేదు.

మళ్ళీ మాటపూట వచ్చింది. పేరిందేవమ్మ బండి కట్టుకుని, నూకరాజును ఎక్కించుకుని చావడికి వచ్చింది. మంచి పాలేరు దొరికితేనే ఎద్దులు నిలుస్తాయి. నూకరాజు వదిలితేనే మంచి పాలేరుకు చోటు. ఇద్దరికి కూడు పెట్టే స్తోమతు ఆమెకు లేదు.

పక్కింటావిడ చెవిలో చెప్పింది. "వదినా, నాలుగు పొగడ్తలు పడెయ్యి. ఎవరో ఒకరు ఎగరేసుకుపోతారు."

పేరిందేవమ్మ నోరు తెరిచింది. చావడి ముందున్న ముఖాలు చూసింది. ఒకావిడ చంకలో బిడ్డతో, ఎవరి మాట నమ్మాలో తెలియక, మునుపు తను నిలబడ్డట్టే నిలబడి ఉంది.  'నన్ను ముంచిన మాటతోనే ఇంకో ఇంటిని ముంచనా?' అనుకుంది పేరిందేవమ్మ. తన మీద తనకే కోపం వచ్చింది.

"ఇదిగో, వినండి!" అంది గట్టిగా. "ఇతని పేరు నూకరాజు. పగలు నిద్రపోతాడు. లేపితే లేస్తాడు, లేచి మళ్ళీ నిద్రపోతాడు. దుక్కికి పనికిరాడు. అయితే రాత్రిళ్ళు కంటికి కునుకుండదు. నా గింజ ఒక్కటి ముట్టుకోలేదు. ఎద్దులకు కుడితి పెట్టడం ఒక్క పూటా మరవలేదు. ఇంతే నాకు తెలిసింది."

చావడంతా గొల్లున నవ్వింది. నూకరాజు తలవంచుకున్నాడు. "అమ్మగారూ, నా కొంప ముంచేశారండీ" అన్నాడు ఏడుపు గొంతుతో.

"ఊరుకో! నిన్ను దుక్కికి అంటగడితే ఇవాళ తాంబూలం దొరికేది, రేపు తన్నులు దొరికేవి" అంది పేరిందేవమ్మ. అన్నదే గానీ, ఎవరైనా కదులుతారేమోనని జనం వైపు చూసింది. ఎవరూ ముందుకు రాలేదు.

"మన పని అయిపోయింది" అంది వెలపటెద్దు.

అంతలో వెనకనుంచి ఒకాయన జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. గోదారి లంకలో పుచ్చతోట వేసే తాతబ్బాయి. "అమ్మా, రాత్రిళ్ళు నిద్రపోడన్నావు. నిజమేనా?" అని అడిగాడు.

"నిజమే. దూడ తాడు తెంచుకున్నా ముందు తనే పరిగెత్తేవాడు."

"ఆయ్! నాకు కావలసింది ఇలాంటివాడేనండీ! రాత్రయితే నక్కలొచ్చి కాయలన్నీ కొరికిపోతున్నాయి. కాపలాకి ఎవర్ని పెట్టినా చీకటిపడగానే గురక. అందరూ రేయింబవళ్ళు మెలకువే అని చెప్పి అంటగట్టినవాళ్ళే!" తాతబ్బాయి నూకరాజు చేతిలో తాంబూలం పెట్టాడు. "పగలంతా పడుకో నాయనా. నేను చూసినా లేపను."

నూకరాజు ముఖం వెలిగిపోయింది.

పక్కనున్నవాళ్ళు తాతబ్బాయిని గిల్లారు. "ఏమయ్యా, ఆవిడ మాట అంత తేలిగ్గా నమ్మేశావే?"

"తన పాలేరు తప్పులు తనే చెప్పిందిగా! అంత నష్టానికి ఒప్పుకున్న మనిషి మంచి మాత్రం కల్పించి చెబుతుందా?" అన్నాడు తాతబ్బాయి.

అప్పుడు బాపినీడు వంతు వచ్చింది. అతను ఏటా తెచ్చే గవరయ్య అనే పాలేరునే తెచ్చాడు. ఏటా చెప్పే మాటే చెప్పాడు. "ఏం చెప్పమంటారండీ నా ఖర్మ! వీడు దొంగ. బద్ధకస్తుడు. ఎద్దులంటే గిట్టదు. ఎవరికీ అక్కర్లేదని నేనే పోషిస్తున్నాను." ఆ సాకుతోనే గవరయ్యకు ఏటా గింజలు తగ్గించి కొలిచేవాడు. గవరయ్య కందిన ముఖంతో పక్కకు జరిగి, పేరిందేవమ్మ బండి దగ్గర నిలబడ్డాడు. మనుషుల ముఖాలు చూడలేక దాపటెద్దు గంగడోలు నిమురుతున్నాడు.

పేరిందేవమ్మ అప్పటిదాకా ఎన్నోసార్లు విన్న మాటలే అవి. కానీ ఆ పూట ఆమె నిజం చెప్పి ఉంది కదా, అబద్ధం చెవికి వేరుగా తగిలింది. ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"దొంగ అన్నావు. మరి నీ గాదె తాళంచెవి అతని మొలతాడుకు ఎందుకుంది తమ్ముడూ?"

బాపినీడు చూశాడు. చావడంతా చూసింది. తాళంచెవి తళతళ మెరుస్తోంది.

"బద్ధకస్తుడన్నావు. అబ్బాయ్, నీ చేతులు చూపించు." గవరయ్య అరచేతులు చాపాడు. కాయలు కాచి చెప్పు తోలులా ఉన్నాయి. "నిద్రపోతే వచ్చిన కాయలా ఇవి?"

బాపినీడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎద్దులంటే గిట్టదన్నావు. నా ఎద్దు కళ్ళు మూసుకుని ఎలా మెడ చాపిందో చూడు."

"ఇంకాస్త కిందికి నాయనా, అక్కడే" అంటోంది దాపటెద్దు.

బాపినీడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. మంచివాడంటే ఇన్నేళ్ళూ అబద్ధమాడినట్టు. చెడ్డవాడంటే, ఎవరైనా అడిగితే కాదనడానికి సాకు లేదు. పేరిందేవమ్మ జాలిపడుతున్నట్టు ముఖం పెట్టి, "పోనీలే తమ్ముడూ, ఇంత పనికిమాలిన బరువు నీ నెత్తిన ఎందుకు? ఈ ఏడు నేను మోస్తాను" అని తాంబూలం తీసింది.

"అయ్యో, వద్దక్కా!" అని కేకపెట్టాడు బాపినీడు. "వాడు వెళ్ళిపోతే నా సేద్యం ఏమైపోవాలి?"

అన్నాక నోరు మూసుకున్నాడు. ఏం లాభం? మాట పెదవి దాటింది. ముసలీ ముతకా కడుపు పట్టుకుని నవ్వారు. కొందరు ఆసాములు మాత్రం నవ్వలేక, గుమ్మడికాయల దొంగల్లా భుజాలు తడుముకున్నారు.

గవరయ్య చేయి చాపబోయి ఆగాడు. "అమ్మగారూ, కోప్పడకండి. నా సంగతి మీరు విన్నారు. మరి మీ సంగతి నేనెవర్ని అడగాలండీ?"

ఆ ఊళ్ళో పాలేరు అలా అడగడం అదే మొదలు. "ఎంత పొగరు!" అన్నారు ఎవరో. పేరిందేవమ్మ ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ తరవాత నవ్వేసింది. "న్యాయమే. నా దగ్గర పనిచేసినవాడు ఇక్కడే ఉన్నాడుగా. ఏమోయ్ నూకరాజూ, ఉన్నదున్నట్టు చెప్పు."

నూకరాజు గొంతు సవరించుకున్నాడు. "అమ్మగారికి నోరు జాస్తండి. పొద్దున్నే తిట్లతో లేపుతారు. పచ్చడిలో కారం దిట్టంగా వేస్తారు. కానీ తను తినకముందే మనకి వడ్డిస్తారు. నాకు జొరమొస్తే కషాయం కాచి పక్కన కూర్చున్నారు. గవరయ్యన్నా, వెళ్ళు, భయం లేదు."

పేరిందేవమ్మ ముఖం తిప్పుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. గవరయ్య రెండు చేతులూ చాపి తాంబూలం అందుకున్నాడు.

ఆ ఏడు గవరయ్య దున్నిన దుక్కిలో చాళ్ళు దువ్వెనతో దువ్వినట్టు సాగాయి. పంట గాదె నిండి అరుగెక్కింది. ఎద్దుల్ని అమ్మే మాట మరిది మళ్ళీ ఎత్తలేదు.

మరుసటి మాటపూట నాటికి పాలేర్లందరూ ఆసాముల సంగతి అడగడం నేర్చుకున్నారు. పాపం, బాపినీడు తాంబూలం పళ్ళెం పట్టుకుని తిరిగాడు. ఎవరూ చేయి చాపలేదు. చివరికి పేరిందేవమ్మ దగ్గరికే వచ్చి, "అక్కగారూ, మీ నోటితో నా గురించి ఒక్క మాట చెప్పండి" అని బతిమాలాడు.

"ఉన్నదే చెబుతాను సుమా!"

"అదే చెప్పండి. మీరు చెబితేనే నమ్ముతున్నారు."

పేరిందేవమ్మ జనం వైపు తిరిగింది. "ఇతను గింజలు కొలిచేటప్పుడు చెయ్యి కాస్త బిగబడతాడు. దగ్గరుండి కొలిపించుకోండి. కానీ ఏ ఎద్దునీ పస్తుంచడు, పండగొస్తే పనివాళ్ళకి బట్టలు మరవడు. ఈ మధ్య అబద్ధం ఆడబోయి ఆగడం నేర్చుకుంటున్నాడు."

ఒక పాలేరు నవ్వుకుంటూ వచ్చి బాపినీడు తాంబూలం అందుకున్నాడు. ఊరంతటిలో ఎక్కువగా సంతోషించింది బాపినీడే.

కాబట్టి పిల్లలూ, తప్పు దాచకుండా చెప్పినవాడు మంచి చెప్పినప్పుడే లోకం నమ్ముతుంది.