ఎగిరిపోయిన మంచె

పక్షులంటే పిచ్చి ఉన్న రాజొకడు, చిత్తడి నేలలో దోనె నడుపుకునే పోలిగాణ్ణి పిలిపించాడు.

“ఏరా, పక్షుల్ని చూడ్డానికి పౌర్ణమికల్లా బురదలో నాకో మంచె కట్టు. అచ్చం కొంగలా ఉండాలి. కొంగ గుణాల్లో ఒక్కటి తగ్గినా నీ దోనె నాది!”

దోనె పోతే పోలిగాడింట్లో పొయ్యి వెలగదు. అయినా “చిత్తం దొరా” అన్నాడు. తర్వాత ఒక్క వెదురూ నరకలేదు, హాయిగా చేపలు పట్టుకున్నాడు.

పౌర్ణమినాడు రాజు ఏనుగెక్కి, బూరలూ డప్పులూ మోగించుకుంటూ గట్టుకు వచ్చాడు. ఎదురుగా నీళ్లూ, తుంగా తప్ప ఏమీ లేవు.

“మంచె ఏదిరా?”

“ఇందాకటిదాకా ఇక్కడే ఒంటికాలి మీద నిలబడింది దొరా. మీ బూరలు విని ఎగిరిపోయింది.”

“మంచె ఎగరడమేమిట్రా!”

“ఎగరకపోతే కొంగ గుణం తగ్గినట్టే కదా? ఇంత మోతకు కదలని కొంగను ఒక్కదాన్ని చూపించండి, దోనె ఇచ్చేస్తాను.”

రాజు నాలుగు దిక్కులా చూశాడు. కొంగ కాదుకదా, ఈక కూడా కనిపించలేదు. పొట్ట పట్టుకుని, ఏనుగు మీంచి జారిపడేంతగా నవ్వాడు.

“సరేరా, దోనె నీదే! ఈసారి ఎగరని మంచె కట్టు.”

“కడతాను దొరా. కానీ బూరలతోనే వస్తే, దాని మీంచి మీకు కనబడే పక్షి నేనొక్కణ్ణే.”