నూరో ఖైదీ

చెరసాల ఖర్చు ఏడాదికి ముందే తెలియాలని ఓ రాజుగారి ముచ్చట. అందుకని ఉగాదినాడు పంచాంగం చదువుతూ ఆస్థాన జ్యోతిష్కులు సోమయాజులుగారు, "దీపావళికి చెరసాలలో నూరుమంది ఉంటారు," అనేశారు. రాజుగారు నూరు గదులు కట్టించి, నూరుమందికి గంజిబియ్యం కొలిపించారు.

తీరా దీపావళి వచ్చేసరికి ఒకరు తక్కువయ్యారు! తలారి కంగారుపడి, ఎదురుగా తుమ్మాడన్న వంకతో కుమ్మరి అప్పన్నను లోపల వేశాడు.

అప్పన్న పెళ్లాం నూకాలుకి ఒళ్లు మండింది. ప్రమిదలు చేస్తున్న చేతుల మట్టయినా కడుక్కోకుండా సభకి వచ్చి పడింది.

"మారాజా, నా మొగుణ్ణి వదిలేస్తే ఏమవుద్ది?"

"నా జోస్యం అబద్ధమవుతుందే, పిల్లా!" అన్నారు సోమయాజులుగారు.

"మారాజు ముందు అబద్ధమాడితే శిచ్చేంటి బాబూ?"

"చెరసాల," అన్నారు రాజుగారు.

"అయితే నా మొగుణ్ణి వదిలి అయ్యగారిని ఎయ్యండి. నూరూ నిండుద్ది, ఆయన మాటా నిలబడుద్ది."

సభంతా గొల్లుమంది.

"మాట నిలబడితే నేను అబద్ధమాడనట్టేగా? నన్ను వదలాలిగా?" అన్నారు సోమయాజులుగారు.

"వదిలితే మళ్లీ ఒకరు తగ్గిపోరా, సామీ?"

రాజుగారు నవ్వాపుకోలేక అలాగే కానిమ్మన్నారు. ఆ పండగపూట నూరో గదిలో పాపం చీకటిగా ఉంటుందని, మొగుడు చేసిన ప్రమిద ఒకటి నూకాలే వెలిగించి పెట్టొచ్చింది.

మరుసటి ఉగాదికి చెరసాల మాట రాగానే సోమయాజులుగారు పంచాంగం దించి, జనంలో నూకాలు కోసం వెతికి చూశారు.

"ఎందరు తప్పుచేస్తే అందరే ఉంటారు," అని చదివి పేజీ తిప్పేశారు.