గోడవైపు తిప్పిన గిన్నె

1994, జ్యేష్ఠ మాసం. మృగశిర ప్రవేశించి వారమైనా చినుకు పడలేదు. నేతపేట బస్టాండు ఎదురుగా ఉన్న బుడేసాయిబు ఫోటో స్టూడియోలోకి, పత్రికకు ఫోటోలు తీసే ఏసుపాదం చెమటలు కక్కుతూ వచ్చాడు. చేతిలో కవరు ఉంది. నాలుగింటికి బెజవాడ బస్సు కండక్టరుకు ఆ కవరు అందిస్తే చీకటి పడేసరికి పత్రికాఫీసు చేరుతుంది, తెల్లారి రాష్ట్రమంతా చూస్తుంది. అప్పటికి మూడున్నర అయింది.

బుడేసాయిబు ఏమడిగినా వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ముందు ఏదో ఒక పని పురమాయిస్తాడు. పని పూర్తయ్యేసరికి అడిగినవాడికే జవాబు తట్టాలి, తట్టకపోతే రేపు రమ్మంటాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లంతా ఈ పద్ధతిని తిట్టుకున్నవాళ్లే. ఇంకో అలవాటు కూడా ఉంది. కెమెరా ముందు కూర్చున్నది పెళ్లికొడుకైనా సరే, మునసబైనా సరే, కండువా కొసతో మొహం తుడవందే మీట నొక్కడు. మూడోది ఎవరికీ అంతుపట్టని అలవాటు. బల్ల మీద ఒక పాత ఇత్తడి గిన్నె ఉంటుంది. రోజూ చింతపండుతో తోమి, ఒకే పక్క గోడవైపు తిప్పి పెడతాడు. నేర్చుకునే రోజుల్లో బల్ల తుడుస్తూ ఏసుపాదం దాన్ని ఇటు తిప్పితే, ఆ పూటకి అన్నం తినకుండా అలిగాడు ముసలాయన.

"సాయిబు గారూ, ఇది చూడండి. నా జన్మకి ఇదొక్కటి చాలు," అంటూ ఏసుపాదం కవరులోంచి ఫోటో తీశాడు.

లంకపల్లె చుట్టూ రొయ్యల చెరువులు తవ్వాక ఊరి బావుల్లో నీళ్లు ఉప్పెక్కాయి. నిన్న విచారణకు వచ్చిన అధికారి ముందు ఒకామె గాజు గ్లాసు ఎత్తి పట్టుకుంది. "ఒక్క గుక్క తాగండి బాబూ, మా పిల్లలు తాగే నీళ్లే," అంది. అధికారి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఏసుపాదం మీట నొక్కింది సరిగ్గా అప్పుడే. ఆమె ముందే బతిమాలుకుంది, "నా మొహం పడనీకు అన్నా, మా ఆయన ఆ చెరువు గట్టు మీదే కాపలా, తెలిస్తే ఉన్న గుడిసె కూడా పీకేస్తారు," అని. అందుకే వెనక నుంచి తీశాడు. ఫోటోలో ఆమె వీపు, ఎత్తిన చెయ్యి, చేతిలో గ్లాసు, దాని అవతల అధికారి మొహం.

"బాగుంది," అన్నాడు బుడేసాయిబు. ఆ మాట ఆయన నోట ఏసుపాదం వినడం పదేళ్లలో రెండోసారి.

"బాగుంటే సరిపోదు కదండీ. ఎనిమిదేళ్లలో నాలుగు వేలు తీశాను. పొద్దున చూసి సాయంత్రం పకోడీలు కట్టుకున్నారు. మీదొక్కటి ఇప్పటికీ జనం తలుచుకుంటారు. అందులో అంత ఏముంది? మొహాలు వదిలేసి, ఆ పేరు కనబడేలా తీయాలని మీకెలా తోచింది?"

గోడ మీద వేలాడుతున్న ఆ ఫోటోను ఎరగనివాళ్లు పేటలో లేరు. 'మాణిక్యమ్మ గిన్నె' అంటారు దాన్ని. నూలు దొరక్క మగ్గాలు ఆగిన ఏడాది పేటలో గంజి కేంద్రం పెట్టారు. ఒకరి ముందు చెయ్యి చాచి ఎరగని జనం కావడంతో, గంజి పోసేవాడికీ తీసుకునేవాళ్లకీ మధ్య ఒక దుప్పటి తెర కట్టుకున్నారు. తెర కింద జానెడు ఖాళీ. అందులోంచి గిన్నె వస్తుంది, నిండుతుంది, వెనక్కి పోతుంది. అవతల ఎవరని అడగకూడదు. ఫోటోలో ఉన్నది అంతే. తెర కింద నుంచి వచ్చిన రెండు చేతులు, సగం నిండిన ఇత్తడి గిన్నె, దాని మీద చెక్కిన 'గోలి మాణిక్యమ్మ' అన్న పేరు.

బుడేసాయిబు ఫోటో దించి బల్ల మీద పెట్టాడు. "పేరు మీద బొటనవేలు పెట్టు."

ఏసుపాదం గడియారం వైపు చూసుకుంటూ పెట్టాడు.

"ఏం కనిపిస్తోంది?"

"చేతులు. గిన్నె. గంజి."

"ఎవరి చేతులు?"

"ఎవరివైనా కావచ్చు."

"వేలు తియ్యి. ఇప్పుడు?"

ఏసుపాదం తీశాడు. చేతులు మారలేదు, గంజి మారలేదు. అయినా ఇందాక లేని మనిషి ఎవరో తెర వెనక వచ్చి నిలబడినట్టయింది.

"మాణిక్యమ్మవి," అన్నాడు మెల్లగా. "ఇదేనండీ నేనన్నది. ఎంత తెలివి మీది!"

బుడేసాయిబు నవ్వలేదు. "ఆ రోజుకి నాకు అక్షరమ్ముక్క రాదురా. గిన్నె మీద గీతలు వెలుగుపడి మెరుస్తున్నాయి, ముచ్చటేసింది. అంతే."

ఏసుపాదం ఫోటో మీంచి తలెత్తి ఆయన వైపు చూశాడు.

"అప్పుడూ ఇలాంటి జ్యేష్ఠమే," అన్నాడు ముసలాయన. "పేటలో అందరూ పేరు లేని గిన్నెలే తెచ్చేవాళ్లు. తక్కినవన్నీ అమ్ముకున్న ఇళ్లవాళ్లు, పేరున్న గిన్నె మీద మట్టి పూసుకుని తెచ్చేవాళ్లు. ఆమెదీ అలాగే వచ్చింది. మట్టి కొట్టుకుపోయిన గిన్నె ఫోటోలో ఏం మెరుస్తుంది?" తన కండువా కొస పట్టుకుని దానివైపు చూశాడు. "తుడిచాను. తెరకి అవతల ఉంది కనక ఆమెకి తెలియదు. చెయ్యి కదిలినట్టే అనిపించింది గానీ, గంజి సగం పడింది, వెనక్కి ఎలా లాక్కుంటుంది? నెగెటివు బస్సులో పంపాను. పత్రికవాళ్లు సగం పేజీ వేశారు. చదువొచ్చినవాళ్లంతా చదివారు."

చేత్తో ఇత్తడి గిన్నెను ఇటు తిప్పాడు. ఫోటోలోని పేరే దాని మీద ఉంది.

"తర్వాత రాత్రిబడికి పోయాను. నలభై నాలుగేళ్ల వయసులో. పంతులు 'అ' నుంచి మొదలుపెడదామన్నాడు. కాదు, ముందు ఇది నేర్పమని ఈ గిన్నె ముందు పెట్టాను."

బస్టాండులోకి బెజవాడ బస్సు వచ్చి ఆగింది. బుడేసాయిబు సొరుగులోంచి భూతద్దం తీసి, ఏసుపాదం తెచ్చిన ఫోటో మీద పెట్టాడు. "ఇప్పుడు నీది చదువు."

"నా దాంట్లో చదవడానికేముందండీ? మొహమే లేదు," అంటూ ఏసుపాదం వంగాడు. అధికారి కళ్లు, జేబు, చెప్పులు చూశాడు. ఆమె వీపు చూశాడు. ఎత్తిన చెయ్యి దగ్గర భూతద్దం ఆగిపోయింది. మోచేతి కింద పచ్చబొట్టు ఉంది. 'నాంచారయ్య' అని గుండ్రటి అక్షరాలు. చెరువు గట్టు మీద కాపలా ఉండే ఆమె మొగుడి పేరు. తీసేటప్పుడు అతని చూపంతా అధికారి మీదే ఉంది.

ఆ అక్షరాల మీద బొటనవేలు పెట్టాడు. పేరుతోపాటు చెయ్యీ పోయింది, గ్లాసు గాల్లో మిగిలింది. వేలు తీశాడు. ఉప్పునీళ్లు తాగుతున్న ఊరంతా ఆ ఒక్క చేతిలోకి వచ్చింది.

"తీయడం తప్పంటారా?"

"తప్పని ఎవడన్నాడు? చట్టసభలో మాణిక్యమ్మ పేరు పెట్టి అడిగారు. ప్రభుత్వం నూలు పంపింది. నాలుగు వందల మగ్గాలు ఆడాయి. ఆ చప్పుడు వినబడితేనే ఇప్పటికీ నాకు నిద్ర పడుతుంది."

బయట నుంచి కండక్టరు కేకేశాడు. "ఏం పాదం, కవరుందా? వస్తావా, నన్నే పల్లకీ పంపమంటావా?"

ఏసుపాదం కవరు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "లేదన్నా, నువ్వు పో," అన్నాడు. బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

"రేపటికి వార్త చల్లారిపోతుంది," అన్నాడు బుడేసాయిబు.

"ఆమెను అడిగొస్తానండీ. పంపమంటే రేపటి బస్సుకి."

"పంపొద్దంటే?"

ఏసుపాదం కవరు చొక్కాలో దోపుకుని బయట సైకిలు దగ్గరికి నడిచాడు. లంకపల్లెకు సైకిలు మీద ఏడు మైళ్లు. స్టాండు తీసి, పెడలు మీద కాలు పెట్టి, ఇన్నేళ్లలో తానూ అడగనిది, ఫోటోను తలుచుకునేవాళ్లెవరూ అడగగా తాను విననిది ఒకటి అడిగాడు.

"సాయిబు గారూ, ఆవిడ ఏమయింది?"

ముసలాయన గిన్నెను మళ్లీ గోడవైపు తిప్పాడు.

"పేపరు వచ్చాక మళ్లీ తెర కింద చెయ్యి పెట్టలేదు. ఆమె మొగుడు ఈ గిన్నె తెచ్చి నా గుమ్మంలో పెట్టి, మాట్లాడకుండా పోయాడు. నూలు శ్రావణంలో వచ్చింది. ఆమె ఆషాఢంలో పోయింది."