చివర వచ్చిన మాలకొండయ్య

అనగనగా, మీ తాతకి తాత ఇంకా ఉగ్గు తాగే రోజుల్లో, నల్లరేగడి నేలల్లో ఒక ఊరు. ఊరి పేరు నన్నడక్కండి. మా అమ్మమ్మ నాకు చెప్పలేదు, నేను మీకు కల్పించి చెప్పను. ఆ ఊళ్ళో ఒక వీధిబడి. ఆ బడికో పంతులు. ఆ పంతులుకో బెత్తం. ఆ మూడూ ఒక్కచోట చేరితే పిల్లలేం చేస్తారు? పారిపోతారు. మీరైనా అంతే, ఎందుకా నవ్వు?

పారిపోయినవాళ్ళని పట్టుకురావడానికి ఒక మనిషి కావాలిగా. ఆ మనిషే మన మాలకొండయ్య.

మాలకొండయ్య భారీ మనిషి. కళ్ళాల దగ్గర జొన్నబస్తాలు మోసి మోసి భుజాలు కాయలు కాచిపోయాయి. పెళ్ళాం పురిట్లోనే పోయింది, బిడ్డా దక్కలేదు. ఒంటి మనిషి. లింగయ్య పంతులుగారు అతన్ని పిలిచి, రోజూ పొద్దున్నే ఊరంతా తిరిగి బడి ఎగ్గొట్టినవాళ్ళని ఎత్తుకురమ్మన్నారు, ఇంటింటా ఇంత గింజలు పెట్టిస్తానన్నారు. సరేనన్నాడు. బస్తా మోసినవాడికి పిల్లవాడొక బరువా? ఒకణ్ణి ఈ చంకన, ఒకణ్ణి ఆ చంకన, ఇంకొకణ్ణి వీపున వేసుకొచ్చేవాడు. తన్నినా వదలడు, గిల్లినా వదలడు, కొరికినా వదలడు. మనసులో మాత్రం బాధగానే ఉండేది. కానీ చదువుకోకపోతే వీళ్ళూ తనలాగే బస్తాల కింద నలిగిపోతారు కదా అని సర్దిచెప్పుకునేవాడు.

ఇక ఆ బడి పద్ధతి చెబుతా, వినండి. పొద్దున అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో పంతులుగారు సిరాతో శ్రీ రాస్తారు. రెండోవాడికి చుక్క పెడతారు. మూడోవాడికి ఒక దెబ్బ. ఆ వెనకవాడికి రెండు. అలా పెరుగుతూ పోయి చివరివాడి చెయ్యి వాచిపోవాల్సిందే. పంతులుగారు చెడ్డవారేం కాదు. ఆయనా అలాగే చదువుకున్నారు, ఆయన పంతులూ అలాగే చదువుకున్నాడు. చదువంటే ఇదే కాబోలు అనుకున్నారు, పాపం.

మాలకొండయ్య ఎత్తుకొచ్చేవాళ్ళు ఎప్పుడూ చివరివాళ్ళే అవుతారుగా? అందుకని అతని పేరు చెబితే పిల్లలు హడలి చచ్చేవాళ్ళు. అన్నం తినకపోతే తల్లులు మాలకొండయ్యని పిలుస్తాననేవాళ్ళు. నిద్రపోకపోతే మాలకొండయ్యని పిలుస్తాననేవాళ్ళు. ఏడుపు ఆపకపోతే, ఇంకేముంది, మాలకొండయ్య వచ్చేశాడనేవాళ్ళు. అతను వీధిలో నడుస్తుంటే తలుపులు టపటపా పడేవి. పిల్లల్లేనివాడికి అదెంత గుండెకోతో ఎవరికి చెప్పుకుంటాడు? పైకి మాత్రం మీసం దువ్వుకుంటూ పోయేవాడు.

ఇలా ఉండగా ఒకనాటి పొద్దున మాలకొండయ్య కోటమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆ ఇల్లు ఊరికి ఆ చివర. కోటమ్మకి మొగుడు లేడు, కొడుకు చెంచయ్య, కూతురు పుల్లమ్మ. పుల్లమ్మకి ఇంకా బడి ఈడు రాలేదు. చెంచయ్య కొత్తగా బళ్ళో చేరాడు, ఉ ఊ దగ్గర తడబడి దానికీ దెబ్బలు తింటున్నాడు. ఇల్లు దూరం, అడుగులు చిన్నవి, రోజూ వాడే చివర. రోజూ వాడికే ఎక్కువ దెబ్బలు.

వాకిట్లో నిలబడి మాలకొండయ్య పిలిచాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. కోటమ్మ బయటికొచ్చి, బిడ్డ ఎప్పుడో బడికి పోయాడే అంది. మూడోసారి పిలిచాడు. ఎక్కడా అలికిడి లేదు. బళ్ళోనూ లేడన్నాడు మాలకొండయ్య, ఇద్దరూ వెతకడానికి పరుగెత్తారు.

బావి దగ్గర చూశారు. లేడు. గడ్డివాముల్లో చూశారు. లేడు. వాగు ఒడ్డున చూశారు. లేడు. తిరిగి వచ్చి పెరట్లో నిలబడేసరికి మాలకొండయ్యకి నేలమీద చిన్న పాదాల గుర్తులు కనిపించాయి. ఆ గుర్తులు పాతర దాకా పోయాయి. వెనక్కి రాలేదు.

పాతరంటే మీకు తెలియదు కదూ. జొన్నలు దాచడానికి నేలలో బావిలా తవ్వే గొయ్యి. పైన ఇరుకు, లోపల వెడల్పు. మూత పెట్టి మట్టి మెత్తితే లోపల గాలి కుళ్ళిపోతుంది. మూత తీసిన వెంటనే ఎవరూ దిగరు, కాసేపు గాలి పోనిచ్చి దిగుతారు. ఆ పొద్దున కోటమ్మ మిగిలిన గింజలు తోడుకుని మూత తీసే వదిలి లోపలికి పోయింది. మాలకొండయ్య వస్తాడని భయపడి పిల్లవాడు అందులోకి జారాడు. అది తెలియని తల్లి వచ్చి, దూడ పడుతుందని, మూత పెట్టి మట్టి మెత్తేసింది.

సంగతి తెలిసేసరికి కోటమ్మ కూలబడిపోయింది. మాలకొండయ్య మూత పీకి పారేశాడు. చుట్టూ చేరినవాళ్ళు కాసేపు ఆగమన్నారు, గాలి చంపేస్తుందన్నారు. అతనా మాట చెవిన వేసుకోలేదు. ఊపిరి బిగబట్టి దూకాడు. చీకట్లో తడిమాడు. చిన్న కాలు చేతికి తగిలింది. ఎత్తి పైవాళ్ళకి అందించాడు, తను ఎలా పైకొచ్చాడో తనకే తెలియదు.

పిల్లవాణ్ణి గాలికి పడుకోబెట్టి మొహాన నీళ్ళు చల్లారు. చల్లగా చల్లగా కాసేపటికి ఛాతీ కదిలింది. అమ్మయ్య, అందరికీ ప్రాణం లేచొచ్చింది. చెంచయ్య కళ్ళు తెరిచాడు. ఎదురుగా కనబడింది మాలకొండయ్య మొహం.

"ఉ ఊ వచ్చేసింది. నాకు వచ్చేసింది. కొట్టొద్దు" అన్నాడు వాడు.

బతికి బట్టకట్టిన బిడ్డ మొదట అన్న మాట అది. మాలకొండయ్య అక్కడ నిలవలేకపోయాడు. ఇంటికి పోయి మొహం గోడకి తిప్పుకుని ఏడ్చాడు. ఆ వయసులో, ఆ ఒంటితో, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇకమీద ఏ పిల్లవాణ్ణీ ఎత్తుకురానని పంతులుగారికి కబురు పెట్టాడు. చెంచయ్య తనని చూసి ఒక్కసారి భయపడకుండా ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకున్నాడు.

ఒకరోజు బెల్లం ముక్క పట్టుకుని వెళ్ళాడు. చెంచయ్య తల్లి కొంగు వెనక దూరాడు. ఇంకోరోజు తాటికాయలతో బండి చేసి తీసుకెళ్ళాడు. చెంచయ్య అటక ఎక్కేశాడు. అన్నా, ఇక మా వాకిట్లోకి రావద్దు అని కోటమ్మ మెల్లగా చెప్పింది. ఆమె తప్పేముంది? వాడు నిద్రలో కూడా ఉలిక్కిపడుతున్నాడు.

అయినా మూడోసారి వెళ్ళాడు. ఏమీ తీసుకెళ్ళలేదు. లోపలికి తొంగి చూడలేదు. చెంచయ్య పేరైనా ఎత్తలేదు. వాకిట్లో మోకాళ్ళ మీద, అరచేతుల మీద గుర్రంలా వంగి ఊరికే నిలబడ్డాడు. పుల్లమ్మకి భయమా పాడా? గబగబా వచ్చి వీపెక్కింది. హై హై అంది. గుర్రం కదల్లేదు. ఎందుకు కదలవని అడిగింది.

"ఆకలమ్మా."

గడ్డి తేనా అంది పుల్లమ్మ.

"ఈ గుర్రం గడ్డి తినదు. బళ్ళో చెప్పే అక్షరాలు తింటుంది. నాకా ఒక్కటీ రాదు. మేత పడనిదే గుర్రం కదలదు."

పుల్లమ్మకీ రావు. అన్నా, ఒకటి పెట్టన్నా అని ఇంట్లోకి కేకేసింది. మళ్ళీ కేకేసింది. అప్పుడు తలుపు వెనకనుంచి సన్నగా "అ" అని వినిపించింది. గుర్రం ఒక అడుగు వేసింది. ఆగింది. "ఆ" వచ్చింది. ఇంకో అడుగు. ఇ, ఈ వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. ఉ, ఊ వచ్చేసరికి చెంచయ్య గడప దాటాడు. గుర్రం వాకిలి మధ్యలో నిలిచిపోయింది.

ఇంకా ఆకలిగా ఉందన్నాడు మాలకొండయ్య. నాకు అంతవరకే వచ్చన్నాడు చెంచయ్య. మిగతావి ఎక్కడ దొరుకుతాయని అడిగాడు మాలకొండయ్య. బళ్ళో, అన్నాడు వాడు, వెంటనే మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఆలస్యమైందని, కొడతారని వాడి బెంగ. నేనూ బడి లోపలిదాకా వస్తాలే అన్నాడు మాలకొండయ్య.

చెంచయ్య వచ్చి వీపు మీద చెయ్యి వేశాడు. తర్వాత ఎక్కి కూర్చున్నాడు. మాలకొండయ్య మెల్లగా వీధివైపు తిరిగాడు.

ఇక చూడండి ఆ ఊరి వైభోగం. పాతరలో పడిన చెంచయ్య మాలకొండయ్య వీపెక్కి నవ్వుతూ వస్తున్నాడు! గోడల మీంచి చూశారు, కిటికీల్లోంచి చూశారు, చూరుల కిందనుంచి చూశారు. ఒక్కొక్కరే బయటికొచ్చారు. నన్నెక్కించుకో అంటే నన్నెక్కించుకో అన్నారు. మేత పడనిదే గుర్రం కదలదు. ఒకడు క పెట్టాడు. ఇంకొకడు కూడా క పెట్టబోతే అది తినేసిన మేత, కొత్తది పెట్టమని మిగతావాళ్ళు కేకలేశారు. రోజూ శ్రీ రాయించుకునే బుద్ధిమంతుడు కూడా నడివీధిలో ఆగిపోయి ఖ పట్టుకుని వరసలో నిలబడ్డాడు.

అవతల బళ్ళో ఈగ కూడా లేదు. పంతులుగారు బెత్తం పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. అంతలో గోల వినిపించింది. పిల్లలందరూ ఒకరి నడుం ఒకరు పట్టుకుని ఒక్కసారిగా గుమ్మంలో దూరారు. ఇరుకు గుమ్మం, ఇరుక్కుపోయారు. ఒక్క తోపు తోసుకుని అందరూ కలిసి లోపల పడ్డారు.

ముందెవరు వచ్చారని గద్దించారు పంతులుగారు. ఎవరని చెబుతారు? పోనీ చివరెవరని అడిగారు. అందరూ వెనక్కి చూశారు. మోకాళ్ళు చెక్కుకుపోయి, ఒళ్ళంతా దుమ్ముతో మాలకొండయ్య వంగి గుమ్మం దాటుతున్నాడు.

"నేనేనయ్యగారూ చివర" అని అరచెయ్యి చాపాడు.

పంతులుగారికి ఒళ్ళు మండింది. ఇది బడా, జాతరా అన్నారు. చివరివాడికి ఎన్ని పడతాయో తెలుసా అన్నారు. తెలుసన్నాడు మాలకొండయ్య. ఇంతకాలం ఈ పిల్లల్ని మోసుకొచ్చి ఆ దెబ్బలకి అప్పజెప్పింది తనేనన్నాడు.

"చచ్చి బతికిన బిడ్డ నన్ను చూసి, ఉ ఊ వచ్చేసింది, కొట్టొద్దు అన్నాడయ్యా. దానికన్నా మీ బెత్తం గట్టిగా తగల్దు. కొట్టండి."

పంతులుగారి చెయ్యి పైకి లేచింది గానీ కిందికి రాలేదు. అంతలో ఎవరో కాళ్ళ సందులోంచి దూరి బయటికి పోయారు. చూస్తే చెంచయ్య. వెళ్ళి మాలకొండయ్య వెనక, గుమ్మం అవతల నిలబడ్డాడు. వాడూ చెయ్యి చాపాడు.

"పంతులుగారూ, చివర నేను" అన్నాడు.

అది విని శ్రీ రాయించుకునే బుద్ధిమంతుడు పరుగెత్తుకెళ్ళి చెంచయ్య వెనక నిలబడ్డాడు. వాడి వెనక ఇంకొకడు. వాడి వెనక ఇంకొకడు. చివర నేనంటే చివర నేనని తోపులాట. వరస గుమ్మం దాటి, అరుగు దాటి, వీధిలోకి పాకింది. ముందు రావడానికి కొట్టుకోవడం పంతులుగారు పుట్టి బుద్ధెరిగి చూస్తూనే ఉన్నారు. చివర నిలబడటానికి కొట్టుకోవడం ఎన్నడూ చూడలేదు. ఆయన బెత్తం గోడకి చేరేసి, బయటికొచ్చి అరుగుమీద కూర్చున్నారు. అంతవరకూ ఆయన నవ్వు ఎవరూ వినలేదు. ఆ రోజు విన్నారు.

నవ్వి నవ్వి సిరాబుడ్డి తెప్పించారు. ఒక్కొక్క అరచేతిలో శ్రీ రాశారు. చెంచయ్యకి రాశారు. మాలకొండయ్యకీ రాశారు. అది చెరిగిపోతుందని ఆ పూట మాలకొండయ్య జొన్నరొట్టె వేళ్ళ కొసలతో తిన్నాడట, పిచ్చి మారాజు.

ఆనాటినుంచి బడి బడిలా లేదు. సాయంత్రం గుర్రానికి మేత కావాలిగా? ఇంకో అక్షరం చెప్పండి, ఇంకో లెక్క చెప్పండి అని పిల్లలు పంతులుగార్ని పీక్కుతినేవాళ్ళు. ఆయనా ఆటలో పడ్డారు. ఇసుకలో గళ్ళు గీసి అక్షరాల మీద గెంతించారు, చింతగింజలతో లెక్కలు ఆడించారు. బెత్తంతో దూలాల మీద బూజు దులిపేవారు. మాలకొండయ్య బతికినన్నాళ్ళూ గుర్రమయ్యాడు. అక్షరం ముక్క నేర్చుకోలేదు. నేర్చుకుంటే పిల్లలు పెట్టేది రుచిగా ఉండదనేవాడు.

ముసలితనం వచ్చి మంచం పట్టాడు. అప్పటికి చెంచయ్యకే పిల్లలు. ఊరి పిల్లలందరూ మంచం చుట్టూ చేరి అ నుంచి క్ష దాకా అక్షరాలన్నీ వరసగా పెట్టారు. చాల్రా, కడుపు నిండిందన్నాడు మాలకొండయ్య. అని హాయిగా నిద్రపోయాడు, లేవలేదు.

ఆ తర్వాత ఊరివాళ్ళు బడి గుమ్మం పగలగొట్టి, నలుగురు పిల్లలు చేతులు పట్టుకుని పట్టేటంత వెడల్పు చేశారు. అది ఇప్పటికీ ఉంది. ఆ ఊళ్ళో ఇప్పటికీ ఏ పిల్లవాడైనా ఆలస్యంగా వచ్చి గుమ్మం దగ్గర బిక్కమొహంతో నిలబడితే, ఎందుకాలస్యమని ఎవరూ అడగరు. నీ వెనకాల మాలకొండయ్య వస్తున్నాడా అని అడుగుతారు. పిల్లవాడు ఖాళీ వీధి వంక తిరిగి చూసి, వస్తున్నాడంటాడు.

"అయితే చివర నువ్వు కాదుగా, వచ్చి కూర్చో నాయనా" అంటారు పంతులుగారు.