అలుగు పెట్టని రాయి

పిల్లలూ, ఒక్క మాట అడుగుతాను. నలుగురు కూర్చుని ఏదో అనుకుంటున్నారు. అందులో ఒకరు నోరు విప్పలేదు. అంటే ఒప్పుకున్నట్టా, కానట్టా? తొందరేం లేదు. కథ విన్నాకే చెప్పండి.

అనగనగా ఒక అడవిలో ఎర్రమట్టి దిబ్బ. దాని కింద పెద్ద బొరియ. అందులో నాలుగు జీవాలు కలిసి కాపురముండేవి. ఆ బొరియ తవ్విన ముళ్లపంది తాత, వెచ్చదనమంటే పడిచచ్చే ఉడుము మామ, చెంగి అనే కుందేలు, ఒక అలుగు. అలుగంటే తెలుసుగా? ఒళ్లంతా పెంకుల్లాంటి పొలుసులు. చీమలు తిని బతుకుతుంది. భయమేసినా సిగ్గేసినా ఉండలా చుట్టుకుపోతుంది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటుంది. ఏ పని చేయాలన్నా సాయంత్రం గుమ్మం దగ్గర కూర్చుని మాట్లాడుకోవాలి. ఒప్పుకున్నవాళ్లు తలా ఒక గులకరాయి పెట్టాలి. అందరి రాళ్లూ పడితేనే పని.

చెంగికి అన్నీ గబగబా అయిపోవాలి. ఒకసారి దుంపలు అలుగు గదిలో దాచుదామన్నారు. మూడు రాళ్లు పడ్డాయి. అలుగు ఉండ చుట్టుకుని కూర్చుంది.

"వాడెప్పుడు మాట్లాడాడు గనక? వాడి రాయి నేను పెడతాలే," అంది చెంగి. అలుగు కిక్కురుమనకుండా ఒక మూలకి సర్దుకుంది.

రెండోసారి, అలుగుకి చీమలు దొరికే వెనక గది తనకి కావాలన్నాడు ఉడుము మామ. అక్కడ వెచ్చగా ఉంటుందట. చెంగి మళ్లీ రెండు రాళ్లు పెట్టింది. అప్పట్నుంచి అలుగు చీకటి పడకముందే బయల్దేరి, చీమల కోసం చాలా దూరం పోవాల్సి వచ్చేది. తెల్లారగట్ల వెనక గుమ్మంలోంచి వచ్చి పడుకునేది.

మూడోసారి, నక్క తిరుగుతోందని కబురొచ్చింది. వెనక గుమ్మం పూడ్చేద్దామన్నారు. అలుగు అప్పటికే మేతకు వెళ్లిపోయింది. వచ్చాక అడుగుదామన్నాడు తాత.

"వాడేమంటాడు తాతా? ముందు గుమ్మంలోంచి వస్తాడు," అంటూ చెంగి అలుగు రాయి కూడా పెట్టేసింది. గుమ్మం మట్టితో పూడ్చేసి, తనే అక్కడ కాపలా పడుకుంది.

తెల్లవారుతుండగా అవతల గోకుడు. నక్కే అనుకుంది చెంగి. ఇంకాస్త మట్టి నెట్టింది. బలంగా నెట్టింది. కాసేపటికి గోకుడు ఆగిపోయింది.

ఎండెక్కాక తవ్వి చూస్తే అక్కడ అలుగు, ఉండ చుట్టుకుని. వీపు మీద పొలుసులు ఊడిపోయాయి. ముందు కాలు నక్క నమిలేసింది. తాత ఆకు పసరు పిండాడు. మామ గది వెనక్కిచ్చేస్తానన్నాడు. చెంగి ఊడిన పొలుసులు ఒక్కొక్కటే ఏరుతోంది.

అలుగు ఆమె వంక చూసి మెల్లగా అంది. "ఆ రాయి నేను పెట్టలేదక్కా."

అంతే. తిట్టలేదు. గాయం మానేదాకా ఉంది. వెళ్లేటప్పుడు చెంగి అడ్డం నిలబడి ఏడ్చింది.

"కోపం లేదక్కా. ఇక్కడ నిద్ర పట్టడం లేదు. గోకితే తీస్తారో తీయరో అనిపిస్తోంది," అని కుంటుకుంటూ వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు కడుపుతో ఉన్న చుంచెలుక ఒకటి వచ్చి చేరింది. వానలకు ముందే దాని మూల తవ్వి, ఇల్లు పెద్దది చేద్దామనుకున్నారు. మూడు రాళ్లు పడ్డాయి. చుంచెలుక నేల చూపులు చూస్తోంది. తాతా మామా చెంగి వంక చూశారు. చెంగి కాళ్లు పొట్టకింద ముడుచుకుని కూర్చుంది. ఆ సాయంత్రం పని కాలేదు. మర్నాడూ కాలేదు. ఆ మర్నాడు చుంచెలుక నోరు విప్పింది.

"నాకిష్టం లేదు. నా పిల్లలు అక్కడే పుట్టాలి."

సరేనమ్మా అన్నాడు తాత. ఎవరి రాయి వాళ్లు తీసేసుకున్నారు. ఆ రోజు చుంచెలుక అందరి మధ్యా వెల్లకిలా పడి నిద్రపోయింది.

చెంగి మాత్రం రోజూ తెల్లారగానే వెనక గుమ్మం దగ్గరికి వెళ్తుంది. రాలిన మట్టి తీసేస్తుంది. చెవులు రిక్కించి కూర్చుంటుంది.

రాలేదర్రా. ఆ అలుగు మళ్లీ రాలేదు.

ఇప్పుడు చెప్పండి నేనడిగిన దానికి జవాబు. ఆ మూల కూర్చున్న చిన్నది ముందు చెప్పాలి. దాన్ని తొందరపెట్టకండి. ఈలోగా నేను వెళ్లి, సగంలో వదిలేసిన చిక్కుడుకాయలకు ఈనెలు తీసి వస్తాను.

నీతి: నోరు విప్పని వాళ్ల మాట మనం చెప్పేయకూడదు, వాళ్లు చెప్పేదాకా ఆగితేనే ఒకరి మీద ఒకరికి నమ్మకం నిలుస్తుంది.